ప్రాసెసర్ వేడికి తగ్గ కూలర్: డబ్బా మీది అంకె పక్కన పెట్టి లెక్క వేసుకోవడం

“అన్నా, నా ప్రాసెసర్ 65 వాట్లు. ఈ కూలర్ డబ్బా మీద 150 అని ఉంది. డబుల్ కంటే ఎక్కువే కదా, కళ్ళు మూసుకుని తీసేసుకోవచ్చా?”

పీసీలు అసెంబుల్ చేసే పనిలో దిగినప్పటి నుంచి ఈ ప్రశ్న రకరకాల అంకెలతో వింటూనే ఉన్నాను. వద్దని చెప్పను, చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ ఆ 65నీ ఈ 150నీ పక్కపక్కన పెట్టి పోల్చడం మాత్రం కుదరదు. మొదటిది ప్రాసెసర్ కంపెనీ తన పద్ధతిలో రాసుకున్నది, రెండోది కూలర్ కంపెనీ తన పద్ధతిలో రాసుకున్నది. గాలి ఎంత వేడిగా ఉన్నప్పుడు, ప్రాసెసర్‌ని ఎన్ని డిగ్రీల దగ్గర ఆపుతూ, ఫ్యాన్‌ని ఎంత వేగంతో తిప్పితే ఆ 150 వచ్చిందో డబ్బా మీద ఎక్కడా ఉండదు. ఆ మూడూ తెలియకుండా 150 అన్నా 250 అన్నా ఒకటే.

నాకు కావలసినవి వేరే మూడు అంకెలు. ప్రాసెసర్ నిలకడగా తాగే వాట్లు. కూలర్ ఫ్యాన్ పీల్చుకునే గాలి ఉష్ణోగ్రత. ప్రాసెసర్ ఎంతవరకు వేడెక్కినా నాకు ఫరవాలేదు అనే హద్దు. హద్దులోంచి గాలి ఉష్ణోగ్రత తీసేసి, వాట్లతో భాగిస్తే, ఒక్కో వాటుకి ఎన్ని డిగ్రీల పెరుగుదల మనం భరించగలమో తెలుస్తుంది. కూలర్ ఎంచుకోవాల్సింది ఆ అంకెకి.

అసలు వాట్లు

ప్రాసెసర్‌కి టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అని రాసే అంకె బస్సు మీద రాసిన సీట్ల సంఖ్య లాంటిది. ఎక్కేవాళ్ళు ఎంతమందో అది చెప్పదు.

ఇంటెల్ 2021లో 12వ తరం నుంచి టీడీపీ అన్న పేరు పక్కన పెట్టి రెండు అంకెలు ఇవ్వడం మొదలుపెట్టింది: బేస్ పవర్, మాగ్జిమమ్ టర్బో పవర్. కోర్ ఐ5 12400కి ఇవి 65, 117. కోర్ ఐ9 13900కెకి 125, 253. పాత పద్ధతిలో పై అంకె కొన్ని సెకన్లే, మామూలుగా 28 లేదా 56 సెకన్లు, ఆ తర్వాత బేస్ పవర్‌కి దిగాలి. ‘కె’ రకాల్లో ఇప్పుడు ఆ దిగడం లేదు, పై అంకె మీదే నిలబడతాయి. మిగతావాటిలో అది మదర్‌బోర్డ్ ఇష్టం. చాలా బోర్డులు ఏ హద్దూ లేకుండా వచ్చేవి. బయాస్‌లోకి (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్ ఉండే చోటికి) వెళ్ళి చూస్తే పవర్ లిమిట్ దగ్గర 4095 వాట్లు అని కనబడేది. అంటే అడిగినంత తాగమని వదిలేయడమే. 2024లో 13, 14 తరాల ఐ7, ఐ9లు నిలకడగా పనిచేయకపోవడం పెద్ద గొడవయ్యాక, కొత్త బయాస్‌లలో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైల్ వచ్చింది. మీ బోర్డ్‌లో ఏది ఆన్‌లో ఉందో చూడకుండా కూలర్ లెక్క మొదలుపెట్టకండి.

ఏఎండీ ప్రాసెసర్లలో లెక్క కొంచెం సులువు. టీడీపీని 1.35తో గుణిస్తే పీపీటీ వస్తుంది, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి వెళ్ళే వాట్ల మీద హద్దు అదే. 65కి 88, 105కి 142, 120కి 162, 170కి 230. అక్కడక్కడా మినహాయింపులు ఉన్నాయి. రైజెన్ 5 5600ఎక్స్ 65 వాట్లదే అయినా దాని హద్దు 76.

ఏఎండీ టీడీపీని లెక్కగట్టే సూత్రం చూస్తే కొంతమందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రాసెసర్ పైమూత ఉష్ణోగ్రతలోంచి గాలి ఉష్ణోగ్రత తీసి, కూలర్ ఉష్ణ నిరోధంతో (ఒక్కో వాటుకి ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో ఆ అంకెతో) భాగిస్తారు. రైజెన్ 7 2700ఎక్స్‌కి వాళ్ళు తీసుకున్నవి 61.8 డిగ్రీలు, 42 డిగ్రీలు, 0.189. వేసి చూడండి, 104.8 దగ్గర వస్తుంది, దాన్నే 105 అన్నారు. ఇందులో ప్రాసెసర్ ఎంత కరెంటు తాగుతుందన్న మాటే లేదు. నిజానికి అది ప్రాసెసర్ గురించి కాదు, దానికి ఎలాంటి కూలర్ పెట్టాలో చెప్పే అంకె. మనం చేయబోయేది కూడా ఈ లెక్కే, కాకపోతే మన గది, మన క్యాబినెట్, మన పని అంకెలతో.

పై హద్దు తెలిశాక, మీ పని దాన్ని ముట్టుకుంటుందా అనేది ఇంకో సంగతి. రైజెన్ 7 7800ఎక్స్3డీకి 162 వాట్ల వరకు అనుమతి ఉంది, కానీ ఆటల్లో అది చాలాసార్లు అందులో సగం కూడా దాటదు. అదే త్రీడీ రెండరింగ్, వీడియో ఎన్‌కోడింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం లాంటివైతే కోర్లన్నీ ఒకేసారి దిగుతాయి. ప్రాసెసర్ చేతిలో ఉంటే ఊహించుకోవడం ఎందుకు? విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి సీపీయూ ప్యాకేజ్ పవర్ అనే వరస చూడండి. లినక్స్‌లో టర్బోస్టాట్ అదే చెబుతుంది. మీరు రోజూ చేసే పనుల్లో అన్నిటికంటే బరువైనది అరగంట నడిపి, చివరి పది నిమిషాల సగటు రాసుకోండి. అలాంటి పని సిద్ధంగా లేకపోతే సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాల పరీక్షలో పెట్టండి. ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష మాత్రం నేను కూలర్ ఎంపికకి వాడను. అది పుట్టించే వేడి మామూలు జీవితంలో ఎవరి ప్రాసెసర్‌కీ ఎదురుకాదు, దానికి తగ్గట్టు కొంటే డబ్బు దండగ.

గాలి ఉష్ణోగ్రత

ఇది అందరూ వదిలేసే అంకె. గదిలో 30 ఉందని 30 వేసుకుంటారు. కూలర్ పీల్చేది గది గాలి కాదు, క్యాబినెట్ లోపలి గాలి. కింద 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డ్ పనిచేస్తుంటే దాని వేడంతా ముందు క్యాబినెట్‌లోకే వస్తుంది, అందులో కొంత నేరుగా ప్రాసెసర్ కూలర్ మూతి దగ్గరికే వెళుతుంది.

నేను తీగ చివర సెన్సర్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ వాడతాను. తీగని క్యాబినెట్ పైకప్పుకి లోపలి వైపు టేపుతో అంటించి, సెన్సర్ కూలర్ ఫ్యాన్ ముందు రెండు వేళ్ళ ఎడంలో గాల్లో వేలాడేలా చేస్తాను. లోహానికి గానీ ర్యామ్‌కి గానీ తగలకూడదు, ఫ్యాన్ రెక్కలకి అందకూడదు. పక్క తలుపు మూసి, గ్రాఫిక్స్ కార్డ్‌కీ ప్రాసెసర్‌కీ కలిపి పని పెట్టి, అంకె కదలడం మానేదాకా ఆగాలి. గదికంటే ఐదారు డిగ్రీలు ఎక్కువుంటే ఆ క్యాబినెట్ మంచిదే. పదిహేను ఎక్కువుంటే కూలర్ సంగతి తర్వాత, ముందు క్యాబినెట్ ఫ్యాన్ల సంగతి చూడాలి.

థర్మామీటర్ లేనివాళ్ళకి ఇంకో దారి. పని నడుస్తుండగా ప్రాసెసర్ ఉష్ణోగ్రత నిలకడకి వచ్చాక పక్క తలుపు తీసేయండి. పది నిమిషాల్లో ఐదారు డిగ్రీలకి మించి పడిపోయిందంటే మీ కూలర్‌కి ఊపిరి అందడం లేదు. ముందు వైపు మొత్తం గాజు పలక ఉండే క్యాబినెట్లలో ఇది తరచూ చూస్తాను. అలాంటి చోట పెద్ద కూలర్ కొన్నా అదే వేడి గాలిని ఇంకా గట్టిగా తిప్పుతుంది, అంతే.

గాలి ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా సుమారుగా ఒక డిగ్రీ పెరుగుతుంది. కాబట్టి చలికాలంలో కొలిచిన అంకెతో కూలర్ కొనకండి. ఏడాదిలో మీ గది ఎంత వేడెక్కుతుందో ఆ అంకెకి, గదికీ క్యాబినెట్‌కీ మధ్య ఇప్పుడు కొలిచిన తేడాని కలుపుకోండి.

లెక్క వేసి చూద్దాం

ఈమధ్య నా దగ్గరికొచ్చిన ఒక పీసీ సంగతి. ఆరు కోర్ల ప్రాసెసర్, హద్దు 88 వాట్లు, దాంతోపాటు డబ్బాలో వచ్చిన చిన్న కూలర్. కంప్లయింట్ ఏంటంటే వీడియో ఎక్స్‌పోర్ట్ మొదట్లో వేగంగా నడిచి తర్వాత నెమ్మదిస్తోంది, ఫ్యాన్ మాత్రం గోల పెడుతోంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూస్తే ఉష్ణోగ్రత 95 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంది, ప్యాకేజ్ పవర్ మాత్రం 75. ఈ రెండూ కలిపి చదవాలి. 95 ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే రైజెన్ 7000 వరసలో చాలా ప్రాసెసర్లు కోర్లన్నీ పనిలో ఉన్నప్పుడు 95 దాకా వెళ్ళేలాగే తయారయ్యాయి. కానీ 88 తాగే అనుమతి ఉండి 75 దగ్గరే ఆగిందంటే, ఆపింది కూలరే.

ఫ్యాన్ దగ్గర గాలి 35. తొంభై ఐదులోంచి ముప్ఫై ఐదు పోతే 60, దాన్ని 75తో భాగిస్తే 0.8. ఒక్కో వాటుకి 0.8 డిగ్రీల పెరుగుదల. ఇది ఆ కూలర్, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య పూసే ఆ పేస్ట్, ఆ ప్రాసెసర్ మూడూ కలిసిన అంకె. ఇప్పుడు మనకి కావలసింది: పూర్తి 88 వాట్లు, 80 డిగ్రీల లోపు, అదే 35 గాలి. నలభై ఐదుని 88తో భాగిస్తే 0.51. నాలుగు హీట్‌పైపులు (వేడిని పైకి మోసే గొట్టాలు), ఒకే ఫిన్ల (పల్చటి రేకుల) దొంతర ఉండే ఒంటి టవర్ కూలర్ దీనికి సరిపోవాలి. పెట్టి కొలిస్తే 79 దగ్గర నిలబడింది, పవర్ 88, అంటే 0.5. ఫ్యాన్ శబ్దం పక్క గదిలోకి వినబడడం మానేసింది. జంట టవర్ గానీ లిక్విడ్ కూలర్ గానీ అక్కడ అనవసరం.

కొత్తగా కొనేవాళ్ళ దగ్గర కొలిచిన అంకె ఉండదు కాబట్టి నేను మనసులో పెట్టుకునే అంచనాలు చెబుతాను. నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న ఒంటి టవర్‌కి 0.4 నుంచి 0.6. ఆరు హీట్‌పైపుల జంట టవర్‌కి 0.3 నుంచి 0.45. 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్‌కి 0.25 నుంచి 0.35. ఇవి ఫ్యాన్ బాగా తిరుగుతున్నప్పటివి. చెవికి హాయిగా ఉండే వేగం కావాలంటే ఇంకో పదో వంతు కలుపుకోండి.

ఇంత వెడల్పు తేడాలు ఎందుకంటే, అంకె కూలర్‌ది మాత్రమే కాదు. వేడి పుట్టే సిలికాన్ ఎంత చోటులో ఉందనేది కూడా అందులో ఉంటుంది. రైజెన్ 7 5800ఎక్స్‌కీ రైజెన్ 9 5900ఎక్స్‌కీ హద్దు ఒకటే, 142 వాట్లు. 5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిప్లెట్ (చిన్న సిలికాన్ ముక్క) మీద ఇరుక్కుని ఉంటాయి. 5900ఎక్స్‌లో పన్నెండు కోర్లు రెండు చిప్లెట్ల మీద సర్దుకుంటాయి. ఒకే కూలర్ పెట్టినా 5800ఎక్స్ ఎక్కువ వేడి చూపిస్తుంది. గాలి 35, వేడి హద్దు 85 డిగ్రీలు అనుకుంటే 5800ఎక్స్‌కి కావలసింది 50 బై 142, అంటే 0.35. పేపర్ మీద జంట టవర్‌కి అందేలా ఉంది, కానీ అంత చిన్న సిలికాన్ మీద ఎంత పెద్ద టవర్ పెట్టినా 0.4 కిందికి దిగడం కష్టం. వేడి పైమూత దాకా రావడానికే సగం డిగ్రీలు ఖర్చయిపోతాయి, ఆ దారిలో కూలర్ చేయగలిగేది ఏమీ లేదు. కాబట్టి కొత్త తరం చిప్లెట్ ప్రాసెసర్లకి నేను చెప్పిన అంచనాల్లో పై చివర తీసుకోండి, పెద్ద ఒంటిముక్క చిప్ ఉన్న ఇంటెల్‌కి కింది చివర.

253 వాట్ల 13900కెకి ఇదే లెక్క వేస్తే, గాలి 35, హద్దు 90 దగ్గర 0.22 వస్తుంది. 360 రేడియేటర్‌కి కూడా అది అందదు. ఇలాంటి అంకె వచ్చినప్పుడు కూలర్ల పేజీ మూసి బయాస్ తెరవాలి.

వాట్లు తగ్గించడం కూడా కూలింగే

ప్రాసెసర్‌కి ఇచ్చే చివరి వాట్లు అన్నిటికంటే దండగవి. పైపైన ఫ్రీక్వెన్సీ కొద్దిగా పెంచడానికి వోల్టేజ్ బాగా పెంచాలి, వేడి వోల్టేజ్ వర్గం లెక్కన పెరుగుతుంది. అందుకే 230 వాట్ల రైజెన్ 9 7950ఎక్స్‌ని ఎకో మోడ్‌లో 142కి దించితే కోర్లన్నీ పనిచేసే వేళ పోయే వేగం కొద్ది శాతమే, ఆటల్లో అసలు తెలియదు. ఇంటెల్‌లో పీఎల్1 (నిలకడ వాట్ల హద్దు), పీఎల్2 (కొద్దిసేపటి పై హద్దు) రెండింటినీ మీ కూలర్ మోయగల వాట్ల దగ్గర కట్టేయండి. ఆ వాట్లు ఎన్నో తెలుసుకోవడానికి ఇదే లెక్క తిరగేయండి: 0.3 కూలర్, గాలి 35, హద్దు 85 అయితే 50 బై 0.3, అంటే 166.

నా దగ్గరికి అతిపెద్ద లిక్విడ్ కూలర్ కావాలని వచ్చేవాళ్ళలో చాలామందికి ముందు ఇది చేసి చూపిస్తాను. కొందరు కూలర్ కొనకుండానే వెళ్ళిపోతారు. వ్యాపారానికి మంచిది కాదనుకోండి.

గాలా, నీళ్ళా

150 వాట్ల దాకా నేను గాలి కూలరే పెడతాను. దానిలో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, ఆగిపోయినా అంత లోహం ఉంది కాబట్టి ప్రాసెసర్ మెల్లగా వేగం తగ్గించుకుంటుంది. లిక్విడ్‌లో పంప్ ఆగితే నీళ్ళు కదలవు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా హద్దుకి వెళుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల్లోంచి నీరు కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది కూడా. 200 దాటితే మాత్రం 360కి ఎదురు లేదు.

లిక్విడ్ కూలర్‌ని ఐదు నిమిషాల పరీక్షతో మెచ్చుకోకండి. నీళ్ళు వేడెక్కడానికి సమయం పడుతుంది, అప్పటిదాకా అంకెలు అందంగా ఉంటాయి. అరగంట తర్వాత చూడండి. బిగించేటప్పుడు పంప్ మొత్తం వలయంలో అన్నిటికంటే ఎత్తున ఉండకూడదు, లోపలి గాలి బుడగలు అక్కడే చేరతాయి. రేడియేటర్ పైభాగం పంప్ కంటే పైన ఉంటే చాలు.

పట్టాలి కదా

క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో సీపీయూ కూలర్ ఎత్తు ఎంతవరకో ఉంటుంది. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 165 మిల్లీమీటర్లు. మామూలు 120 ఫ్యాన్ టవర్లు 155 నుంచి 160 మధ్య ఉంటాయి. ఎత్తైన ర్యామ్ ఉంటే ముందు ఫ్యాన్ పైకి జరపాల్సి వస్తుంది, అప్పుడు ఆ మేర ఎత్తు పెరుగుతుంది. దీన్ని లెక్కలో కలపక తలుపు మూతపడని పీసీలు చాలానే చూశాను.

పాత కూలర్ కొత్త బోర్డ్‌కి వాడాలంటే సాకెట్ చూడండి. ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1156 నుంచి 1200 దాకా రంధ్రాల ఎడం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700 నుంచి 78, పైగా ప్రాసెసర్ ఎత్తు కూడా తగ్గింది. కొత్త బిగింపు కిట్ లేకుండా బలవంతంగా పెడితే ఒత్తిడి సరిగా పడదు. 1851కి 1700 కిట్ సరిపోతుంది. ఏఎండీలో ఏఎమ్4 కూలర్లు ఏఎమ్5కి చాలావరకు వస్తాయి, కానీ ఏఎమ్5లో వెనక పలక ఊడదు. సొంత పలకతో వచ్చే కూలర్లు అక్కడ కూర్చోవు.

బిగించాక

కూలర్ అడుగున పారదర్శక ప్లాస్టిక్ పొర ఉంటుంది, తీసేయండి. ఉందో లేదో వేలితో తడిమి కాదు, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని కళ్ళతో చూడండి. కొన్నిటిలో అది కంటికి ఆనదు. పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత పెడితే మామూలు సైజు ప్రాసెసర్లకి చాలు. స్క్రూలు ఒకవైపు పూర్తిగా తిప్పేయకుండా, ఒకదానికి రెండు చుట్లు, ఎదురుదానికి రెండు చుట్లు, అలా ఆగిపోయేదాకా. అనుమానంగా ఉంటే ఒకసారి తీసి పేస్ట్ ముద్ర చూడండి. అన్నివైపులా పల్చగా సమంగా పరుచుకుని ఉండాలి. ఒక అంచున మందంగా, ఎదురు అంచున దాదాపు లేకుండా ఉందంటే కూలర్ వాలి కూర్చుంది. తీసిన ప్రతిసారీ పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయాల్సిందే.

ఏఎమ్4లో తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎండిన పేస్ట్ అంటుకుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌తోపాటు ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పీసీని కాసేపు పనిలో పెట్టి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి ఆ తర్వాతే పైకి లాగండి.

అంతా అయ్యాక అదే పని, అదే అరగంట నడిపి, మీ అంకె కొత్తగా లెక్కగట్టి క్యాబినెట్ లోపలి వైపు ఒక చీటీ మీద రాసి అంటించండి. నేను చేసిన ప్రతి పీసీలోనూ తేదీతో సహా అది ఉంటుంది. ఏడాది తర్వాత 0.5 కాస్తా 0.6 అయిందంటే ఫిన్ల మధ్య దుమ్ము చేరి ఉంటుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, గాలి జోరుకి అది తన వేగాన్ని మించి తిరిగితే బేరింగ్ పాడవుతుంది. శుభ్రం చేశాక కూడా అంకె దిగకపోతే పేస్ట్ మార్చండి.